మూడున్నర కాళ్ల బల్ల

ఆరో తిప్పు అయింది. ఇంకొక్కటి తిప్పితే బల్ల ట్యాంకు నీడలోకి వెళ్తుంది. బల్లాయన నడుం నిటారు చేసి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, రెండో కొస దగ్గరకు నడిచాడు. ఇద్దరు మనుషులు కాళ్లు చాపుకుని పడుకోగలిగినంత పొడుగు బల్ల అది. ఒక్కడే మొయ్యలేడు కాబట్టి, ఒక కొసను నేలకు ఆనించి ఉంచి, రెండో కొసను ఎత్తి సగం చుట్టు తిప్పి దించుతాడు. మళ్లీ ఇటు వచ్చి ఇదే పని. దూరం నుంచి చూసేవాళ్లకు బల్లే తనంతట తాను అడుగులేసుకుంటూ పోతున్నట్టూ, ఆయన దాన్ని బతిమాలుతూ వెంట నడుస్తున్నట్టూ ఉంటుంది.

ఏడో తిప్పు మాత్రం చూసుకుని దించాలి. ఆ బల్లకు పేరుకు నాలుగు కాళ్లున్నా, నాలుగోది మిగతా వాటికన్నా మూడు వేళ్లు పొట్టి. ఆ కాలు వచ్చి సరిగ్గా నేలలో పాతిన తెల్లరాయి మీద కూర్చోవాలి. కూర్చుంది. ఆయన బల్లను అరచేత్తో ఒక చరుపు చరిచి చూశాడు. కదల్లేదు. ఉదయం ఎనిమిదైందన్నమాట. ఎండాకాలంలో ఎనిమిది గంటల రాయి అదే.

పంచాయతీ ఆఫీసంటే ఒకటే గది. పనిమీద వచ్చినవాళ్లు బయట ఆ బల్లమీద కూర్చుని తమ వంతు వచ్చేదాకా ఊరి సంగతులన్నీ నమిలి పారేయాలి. ఆఫీసుకు ఎదురుగా ఖాళీ జాగా, ఆ జాగాకు దక్షిణపు అంచున ఆరు స్తంభాలమీద పాత నీళ్లట్యాంకు. చుట్టుపక్కల నీడంటూ ఉంటే ఆ ట్యాంకుదే. ఎండాకాలంలో నీడ స్తంభాల చుట్టూనే తిరుగుతుంది, చలికాలంలో జాగా మధ్యకు, ఒక్కోసారి ఆఫీసు మెట్ల దాకా సాగుతుంది. నీడ ఎటు పోతే బల్ల అటు పోతుంది. చలికాలం అయితే మరీ పేచీ. ముసలివాళ్లకు ఎండ కావాలి, పడుచువాళ్లకు నీడ కావాలి. అందుకని సగం ఎండలో, సగం నీడలో ఉండేట్టు బల్ల వేసి, ఎవరి కొస వాళ్లకు చూపించేవాడు. రోజుకు నాలుగుసార్లు, ముప్పై మూడేళ్లు. అందుకే బంట్రోతుగా చేరిన మనిషి బల్లాయన అయిపోయాడు. అసలు పేరు జీతాల పుస్తకంలో ఉంది. అది ఆయన భార్యకు కూడా ఒక్కోసారి వెంటనే గుర్తురాదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడే బల్ల కాలు విరిగి పొట్టిదైంది. బాగు చేయించమని ఆయన అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ ఇప్పటికీ అదే ఆఫీసులో, అదే బీరువాలో, పైనుంచి మూడో అరలో భద్రంగా ఉంది. దానికి ప్రతి వేసవిలోనూ దుమ్ము దులిపేది కూడా ఆయనే. ఈలోగా ఊగే బల్లమీద జనం ఒకరినొకరు తిట్టుకోవడం చూడలేక, పొట్టి కాలు కిందకు ఒక రాయి వెతికి తెచ్చాడు. బల్లతోపాటు రాయినీ మోయడం విసుగనిపించి, బల్ల వేసే ప్రతిచోటా ఒక రాయి పాతాడు. నీడ ఎండాకాలంలో ఒకచోట, వానలప్పుడు ఒకచోట, చలికాలంలో ఒకచోట. పొద్దున ఒకచోట, మధ్యాహ్నం ఒకచోట. అలా పాతుకుంటూ పోతే జాగా నిండా నలభై పైచిలుకు తెల్లరాళ్లు మొలిచాయి. గడ్డిలో దారి తప్పకుండా ఏటా ఒకసారి వాటికి సున్నం పూస్తాడు. ఏ రాయి ఏ నెలదో, ఎన్ని గంటలదో ఆయన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఎవరూ అడగలేదు.

ఈ రోజుతో ఉద్యోగం ఆఖరు. సాయంత్రం ఐదింటికి ఆయన మాజీ బంట్రోతు అవుతాడు. బక్కపల్చటి మనిషి, కొస ఎత్తీ ఎత్తీ ఎడమ భుజం కాస్త కిందికి జారింది, అరచేతుల్లో కాయలు. ముప్పై మూడేళ్లలో ఆయనమీద ఒక్క ఫిర్యాదు లేదు. ఉండటానికి ఆయన నోరు విప్పితే కదా! చేరిన మొదటి వారంలో ఒక సమావేశం మధ్యలో ఏదో చెప్పబోతే, అప్పటి ప్రెసిడెంటు చెయ్యి అడ్డం పెట్టి, "తలుపు దగ్గర నిలబడేవాడు తలుపులాగే ఉండాలయ్యా, తోస్తే తెరుచుకోవాలి, అంతే" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ తరవాత సమావేశాల్లో ఇంకెప్పుడూ నోరు మెదపలేదు.

"ఏమయ్యా, ఇవాళైనా కాస్త మంచి చొక్కా వేసుకో" అంది పొద్దున భార్య. "సాయంత్రం నీకేదో ఇస్తారట కదా. ఈ చిరుగు చూసి, వీడికి ఏమిచ్చి ఏం లాభం అనుకుంటారు."

"మంచిది వేసుకుంటే బల్ల గీసుకుంటుంది."

"ఆ బల్లని కట్టుకోవాల్సింది నువ్వు."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ వరండాలో వరసగా బోర్లించిన బిందెల మధ్య కూర్చుని పళ్లు తోముతోంది. వాళ్లది దిగువ వీధి. మోటారుకు కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు ట్యాంకు నిండాలి, నిండినప్పుడు నీళ్లు వదలాలి, అన్ని వీధులూ పట్టుకోగా మిగిలినవి ఆఖరున వీళ్లకు. కోడి లేవకముందే లేచి కొళాయి దగ్గర కూర్చోవడం ఆవిడకు పెళ్లయిన నాటి నుంచీ అలవాటు. ఇప్పుడు జాగాలో సోలారు పలకలు పెడతారట, ఎండతోనే మోటారు నడుస్తుందట, పట్టపగలు నీళ్లట. ఈ మాట విన్న దగ్గర నుంచి దిగువ వీధి ఆడవాళ్ల కాలు నేలమీద నిలవడం లేదు.

"వచ్చే చలికాలానికి నేను ఏడింటిదాకా పడుకుంటాను, చెబుతున్నా" అంది ఆవిడ నోట్లో నురగతోనే. "నన్ను లేపావంటే ఊరుకోను. ముప్పై మూడేళ్లు ఆఫీసుకు నీడ వేశావు. ఇంటికి నువ్వు చేసిన మేలు ఇదొక్కటే అనుకుంటా."

"నేనేం చేశాను? చేసేది వాళ్లు."

"ఆఫీసు నీదే కదా!"

ఆ మాట ఆయనకు భలే నచ్చింది. దారి పొడుగునా నవ్వుకుంటూనే వచ్చాడు.

తొమ్మిదింటికి పట్నం నుంచి ఇంజినీరమ్మ దిగింది. పాతికేళ్ల పిల్ల, భుజాన పొడుగు గొట్టం, నెత్తిన టోపీ, మాటకు ముందు నవ్వు. పదకొండింటికి సమావేశం, తీర్మానం కాగానే కాగితం తీసుకుని సాయంత్రం బస్సుకు వెళ్లిపోవాలి. గొట్టంలోంచి పటం తీసి, "బాబాయ్‌గారూ, కాస్త ఆ చివర పట్టుకోండి" అంది. ఇద్దరూ కలిసి దాన్ని గోడకు తగిలించారు. మూలల్లో మేకులు కొడుతూ ఆయన పటం కేసి చూశాడు. ఆఫీసు ఉంది, రోడ్డు ఉంది. జాగా నిండా నీలం పలకలు వరసలు వరసలుగా ఉన్నాయి. వాటి మధ్య ఎర్రటి చుక్కలు.

"ఈ చుక్కలేంటమ్మా?"

"పాత సరిహద్దు రాళ్లట. సర్వే చేసినవాళ్లు రాసుకొచ్చారు. అవన్నీ తీసేస్తాం లెండి."

ఆయనకు నవ్వొచ్చింది. తన రాళ్లు పటంలోకి ఎక్కాయి, అదీ సరిహద్దుల పేరుతో! ఒక్కొక్క చుక్కమీదా వేలు పెట్టి లోలోపల చదువుకున్నాడు. ఇది వానల్లో పదింటిది. ఇది చలికాలం మధ్యాహ్నం పన్నెండింటిది. ఇది చలికాలం మూడింటిది, అన్నింటికన్నా దూరం. వేలు మూడింటి రాయి దగ్గర ఆగిపోయింది. దాని చుట్టూ నీలం పలకలే.

"అమ్మా, ఈ పలకలమీద నీడ పడితే ఏమవుతుంది?"

"అయ్యో, నీడ పడకూడదు బాబాయ్‌గారూ! వరసలో ఒక్క పలక మీద పడ్డా వరసంతా నీరసపడిపోతుంది. కానీ ఇక్కడ నీడెక్కడిది, చూడండి, ఎంత ఖాళీగా ఉందో!"

ఆమె పటం చూపించింది. ఆయన పటం చూసి, కిటికీలోంచి బయటకు చూసి, మళ్లీ పటం చూశాడు. పటంలో దక్షిణపు అంచు నున్నగా, తెల్లగా ఉంది. కిటికీ బయట ఆరు స్తంభాలమీద ట్యాంకు, దానిమీద పావురాలు.

సంగతి ఏమిటంటే, కాగితాలమీద ఆ ట్యాంకు లేదు. పదకొండేళ్ల కిందట పైఆఫీసు వాళ్లు, పాతబడింది కాబట్టి కూల్చేయమన్నారు. ఊళ్లో దిగువ వీధి ఆడవాళ్లు బిందెలతో వచ్చి, దాన్ని ముట్టుకుంటే ఊరుకోమన్నారు. దీన్ని కూల్చి కొత్తది ఇంకెక్కడో కడితే, ఆ నీళ్లు దిగువ వీధి ముఖం చూడవు మరి. అప్పటి ప్రెసిడెంటు ఎవరి మనసూ నొప్పించని మనిషి. ఆడవాళ్లతో కూల్చం అన్నాడు. పైఆఫీసుకు కూల్చామని రాయించాడు. రెండు వైపులా సంతోషించారు. ఆ ఉత్తరం టపాలో వేసి వచ్చింది బల్లాయనే. తరవాత వచ్చినవాళ్లెవరికీ ఆ తేనెతుట్టె కదపబుద్ధి కాలేదు. ఊళ్లో అందరూ ఆ ట్యాంకు నీళ్లు తాగుతారు, ఆఫీసులో ఎవరూ దాని పేరెత్తరు. అలవాటైపోయి, అది లేదన్న సంగతి కూడా మరిచిపోయారు.

సర్వే వాళ్లు వచ్చింది నిండు వేసవిలో, మిట్టమధ్యాహ్నం. నీడ స్తంభాల మధ్యే ముడుచుకుని ఉంది. వాళ్లు ఆ నీడలోనే కూర్చుని అన్నం తిని, ఇదేంటని గుమాస్తాను అడిగారు. అతను రికార్డు చూసి, "అది కూల్చేసిందేనండీ" అన్నాడు. ఇవాళో రేపో కూల్చేస్తారన్నమాట అనుకుని వాళ్లు వెళ్లిపోయారు.

బల్లాయన సుత్తి పక్కన పెట్టి గుమాస్తా దగ్గరకు వెళ్లాడు. గుమాస్తా చెవి వెనక పెన్ను, ముందు తీర్మానాల పుస్తకం, మొహంనిండా సమావేశం రోజు కంగారు.

"అయ్యా, ఆ ట్యాంకు..."

"ష్!" అన్నాడు గుమాస్తా అదిరిపడి, తలుపు కేసి చూస్తూ. "ఇవాళ దాని మాటెందుకు? హాయిగా సాయంత్రం ఫొటో దిగి ఇంటికి వెళ్లవయ్యా బల్లాయనా!"

పదింటికి బల్లను ఇంకో రాయిమీదకు తిప్పాడు. పదకొండింటికి సభ్యులు వచ్చారు. బొద్దుగా, ఎప్పుడూ చెమటలు తుడుచుకుంటూ ఉండే ప్రెసిడెంటుగారు, ఇప్పుడు వట్టి సభ్యుడైనా ఊరంతా మాజీ అనే పిలిచే, ట్యాంకు కూల్చామని రాయించిన ఆ పాత ప్రెసిడెంటుగారు, కాలు బాగుచేస్తానని పాతికేళ్లుగా మాటిస్తున్న వడ్రంగి, ఇంకో నలుగురు. బల్లాయన టీలు అందించి, తలుపు పక్కన తన చోట నిలబడ్డాడు.

ప్రెసిడెంటుగారు బాగా మాట్లాడారు. పగటి నీళ్లన్నారు, దిగువ వీధి అన్నారు, వీధి దీపాలన్నారు. ఇంజినీరమ్మ పటం ముందు నిలబడి, చలికాలంలో ఎండ పలచన కాబట్టి మధ్యాహ్నం ఎండే మోటారుకు ప్రాణం అని, ఆ కాసేపూ బాగా ఆడితేనే చివరి వీధిదాకా నీళ్లు ఎక్కుతాయని వివరించింది. అందరూ తలలూపారు. బల్లాయన కిటికీలోంచి ట్యాంకు కేసి చూశాడు. సరిగ్గా ఆ మధ్యాహ్నం వేళే కదా ట్యాంకు నీడ ఆ నీలం వరసలను మింగేది! చలికాలం మూడు నెలలూ రెండింటికే మోటారు మూలుగుతుంది. చివరి వీధికి చుక్క ఎక్కదు. ఏడింటిదాకా పడుకుంటానన్న మనిషి మళ్లీ కోడికన్నా ముందు లేచి, రాని నీళ్లకోసం కొళాయి ముందు కూర్చుంటుంది. అప్పుడు తను ఆవిడ పక్కన కూర్చుని ఏం చెప్పాలి? నాకు తెలుసే, కానీ నేను తలుపుని, అనా?

గొంతు సవరించుకున్నాడు. ప్రెసిడెంటుగారు ఇటు చూసి, "టీ వద్దులేవయ్యా, అందరికీ అయింది" అన్నారు.

గుమాస్తా పెన్ను మూత తీశాడు. "అయితే తీర్మానం చదవమంటారా?" అన్నాడు.

బల్లాయన బయటకు వెళ్లిపోయాడు.

కాసేపటికి కిటికీ వైపు కూర్చున్న వడ్రంగి, "అదేంటి!" అన్నాడు. అందరూ తలలు తిప్పారు. నిప్పులు చెరిగే ఎండలో బల్ల నడుస్తోంది. ట్యాంకు నీడ వదిలిపెట్టి, జాగా మధ్యకు, అర్థంపర్థం లేకుండా, తిప్పు తరవాత తిప్పు. వెనకాల బల్లాయన, చొక్కా వీపుకు అతుక్కుపోయి. పదకొండు తిప్పులయ్యాక వంగి చూసి, పొట్టి కాలిని ఒక రాయిమీద కూర్చోబెట్టి, అరచేత్తో చరిచాడు. తరవాత ఆయన చేసిన పని చూసి గుమాస్తా చేతిలో పెన్ను జారిపోయింది. బల్లాయన బల్లమీద కూర్చున్నాడు. ముప్పై మూడేళ్లలో ఆయన ఆ బల్లమీద కూర్చోగా ఎవరూ చూడలేదు.

"ఎండదెబ్బ" అన్నారు ప్రెసిడెంటుగారు లేస్తూ. "ఆఖరి రోజు మనకీ అపవాదు కూడానా! పదండి పదండి."

అందరూ పోలోమని బయటకు వచ్చారు. మాజీ నెత్తిన రుమాలు వేసుకున్నాడు. ఇంజినీరమ్మ నీళ్ల సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆయన సీసా అందుకుని రెండు గుటకలు తాగి, లేచి నిలబడబోయి, మళ్లీ కూర్చున్నాడు.

"ఏంటయ్యా ఇది? నీడ అక్కడుంటే ఇక్కడ కూర్చున్నావేంటి?" అన్నారు ప్రెసిడెంటుగారు.

"చలికాలంలో నీడ ఇక్కడుంటుందండీ" అన్నాడు బల్లాయన. గొంతు తనదిలా అనిపించలేదు. అయినా ఆగలేదు. "మూడింటికి. ఇది మూడింటి రాయి. అదిగో, అది రెండింటిది, అది పన్నెండింటిది. ఇవి సరిహద్దు రాళ్లు కాదు తల్లీ. బల్ల కాలు పొట్టిదని నేను పాతినవి. నీడ ఎక్కడికి వస్తే అక్కడ బల్ల, బల్ల ఎక్కడుంటే అక్కడ రాయి. చలికాలం మూడు నెలలూ మీ పలకలన్నీ నీడలోనే ఉంటాయి. దిగువ వీధికి నీళ్లు ఎక్కవు. మా ఇల్లు అక్కడేనండి."

ఇంత పొడుగు మాట ఆయన నోటినుంచి వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆయనైతే అసలే అనుకోలేదు.

"నీడెక్కడిది?" అంది ఇంజినీరమ్మ.

బల్లాయన మెల్లగా చెయ్యెత్తి ట్యాంకు చూపించాడు. ఆమె తలెత్తి దాన్ని చూసింది. చేతిలో ఉన్న చిన్న పటం చూసుకుంది.

"దీన్ని కూల్చేస్తారని కదా! రికార్డులో కూల్చేసినట్టే ఉంది!"

"కూల్చాం" అన్నాడు మాజీ. అనేసి, తన మాట తనకే వినబడి, రుమాలు కళ్లమీదకు లాక్కున్నాడు. ప్రెసిడెంటుగారు చెమట తుడుచుకున్నారు. గుమాస్తా ఆకాశంలో దేనికోసమో వెతికాడు. పైన పావురాలు రెక్కలు విదిల్చాయి. ముందు నవ్వింది వడ్రంగి. తరవాత ఇంజినీరమ్మకు ఆగలేదు. ఆమె పొట్ట పట్టుకుని బల్లమీద బల్లాయన పక్కన కూలబడి నవ్వుతుంటే, చివరకు ప్రెసిడెంటుగారి మొహంలో కూడా బిగువు సడలింది.

"ఇప్పుడెలాగమ్మా?" అన్నారు ఆయన. "దీన్ని కూలిస్తే ఆడవాళ్లు మమ్మల్ని కూలుస్తారు. కూల్చకపోతే నీ పలకలు పనిచెయ్యవు."

ఇంజినీరమ్మ కళ్లు తుడుచుకుని బల్లాయన వైపు తిరిగింది. "బాబాయ్‌గారూ, ట్యాంకుకు అవతలి పక్క నీడెంత పడుతుంది?"

"అటు ఎన్నడూ బల్ల వెయ్యలేదమ్మా" అన్నాడు ఆయన. "నీడ ఉంటే కదా వెయ్యడానికి! ఎండలు ముదిరిన నెలలో రెండడుగులు పడుతుంది, అంతే. కానీ అంతా ముళ్లకంపలు. పాత ట్రాక్టరు తొట్టి కూడా ఉంది."

"కంపలు కొట్టించడం ఎంతసేపు!" అంది ఆమె. అప్పటికే టేపు విప్పి పరిగెడుతోంది. బల్లాయన రెండో కొస పట్టుకున్నాడు. ముళ్లలో పడి, తొట్టి ఎక్కి దిగి, ఇద్దరూ కొలిచారు. వరసకు రెండు పలకలు అటూ ఇటూ అయినా, మొత్తం సరిపోతుందని తేలింది. "ఈ రాళ్లు మాత్రం తీయకండి" అంది ఆమె ప్రెసిడెంటుగారితో. "పని మొదలయ్యేలోగా వీటిని నేనే కొలుచుకుని పోతాను. ఇంత నమ్మకమైన లెక్క మా ఆఫీసులో లేదు."

ఇక మిగిలింది తీర్మానం. పటంలో ట్యాంకు ఉండాలంటే, ముందు రికార్డులో ఉండాలి. గుమాస్తా చేతిలో పెన్ను పావుగంట ఆడలేదు. తరవాత ఒక్కసారిగా ఊపందుకుని, రాసి, గొంతు సవరించుకుని చదివాడు: "గతమున కూల్చివేసినట్లు నమోదైన నీళ్లట్యాంకును ఈ దినము సభ్యులందరు స్వయముగా పరిశీలించగా, అది ఉన్నచోటనే, ఉన్నట్లుగానే ఉన్నదని ఈ సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

"అబ్బ!" అన్నాడు మాజీ తృప్తిగా. "ఎవరి తప్పూ లేదు కదా ఇందులో?"

"ట్యాంకుదే అనుకోవచ్చండీ" అన్నాడు గుమాస్తా.

మొదటి చెయ్యి మాజీయే ఎత్తాడు. పలకలు అవతలి పక్క పెట్టాలన్నది రెండో తీర్మానం. అదీ క్షణంలో అయిపోయింది. పుస్తకం మూయబోతుంటే వడ్రంగి ఉండమన్నాడు. బీరువాలో పైనుంచి మూడో అరలో ఒక అర్జీ ఉందని, ముప్పై ఒక్క ఏళ్లుగా అది పెండింగులో ఉందని, దాన్ని కూడా ఇప్పుడే ముగించాలని అన్నాడు. అందరూ బల్లలు చరిచారు. అతను ఇంటికి వెళ్లి పనిముట్లు తెచ్చుకుని, కర్రముక్క కోసి, నాలుగు మేకులు కొట్టి, నున్నగా చిత్రిక పట్టాడు. పది నిమిషాల పని.

నాలుగున్నరకు ఫొటో దిగారు. ప్రెసిడెంటుగారు గోడగడియారం ఇచ్చి, "నీకు దీంతో పని లేదని ఇవాళే తెలిసిందయ్యా, ముందే కొనేశాం" అన్నారు. మాజీ బల్లాయన భుజంమీద చెయ్యి వేసి, ఆ జారిన ఎడమ భుజాన్ని రెండుసార్లు తట్టి వెళ్లిపోయాడు. ఇంజినీరమ్మ బస్సు అందుకోవాలంటూ పరిగెడుతూ వెనక్కి తిరిగి, "చలికాలంలో వస్తాను బాబాయ్‌గారూ, ఏడింటికి మీ ఇంట్లో టీ తాగుతాను" అంది.

"ఏడింటికి వద్దు తల్లీ" అన్నాడు బల్లాయన. "ఆవిడ పడుకుని ఉంటుంది."

భార్య ఐదింటికి వచ్చింది, వెనక దిగువ వీధి నుంచి పదిమంది ఆడవాళ్లూ వచ్చారు. ట్యాంకు ఉందని తీర్మానించారట, మేమూ చూసిపోతాం అని నవ్వుకుంటూ దాని చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లిపోయారు. ఆవిడ మాత్రం ఆగిపోయింది.

"ఏమయ్యా, ఊరంతా చెప్పుకుంటున్నారు, నువ్వు మాట్లాడావట!"

"ఊఁ."

"అంత ఎండలో నడిమధ్య కూర్చుని?"

"నిలబడలేకపోయానే. కాళ్లు వణికాయి."

ఆవిడ చిరిగిన చొక్కా మీద కంపల గీతలు చూసింది, చేతిమీద ఇరుక్కున్న ముల్లు గోటితో లాగేసింది. ఇద్దరూ కలిసి బల్లను ఆఖరిసారి, చెరో కొస పట్టుకుని, సాయంత్రం నీడలోకి మోసుకొచ్చారు. ఇద్దరుంటే తిప్పనక్కర్లేదని ఆయనకు అప్పుడు తెలిసింది. అలవాటుగా నాలుగో కాలిని రాయిమీద కూర్చోబెట్టి చరిచాడు. బల్ల ఊగింది. కాలు ఇప్పుడు నిండుగా ఉంది కదా మరి. ఆయన వంగి ఆ కాలిని చూసి, బల్లను ఒక అడుగు పక్కకు జరిపాడు. మట్టిమీద నాలుగు కాళ్లూ సమంగా ఆనాయి.

"కూర్చోవయ్యా" అంది ఆవిడ. ఆయన కూర్చున్నాడు. ఆవిడ పక్కన కూర్చుంది. గుమాస్తా గదికి తాళం వేసి, తాళంచెవి ఆయన చేతికి ఇవ్వబోయి, నాలుక కరుచుకుని, తన జేబులో వేసుకున్నాడు. "రేపు పొద్దున ఎనిమిదింటికి ఏ రాయి బల్లాయనా?" అన్నాడు కాస్త మొహమాటంగా. బల్లాయన పడమటి స్తంభం వైపు చూపించాడు. గుమాస్తా అటు రెండుసార్లు చూసి, గుర్తు పెట్టుకున్నట్టు తలూపి, వెళ్లిపోయాడు.

ట్యాంకు నీడ వాళ్ల పాదాలు దాటి, మోకాళ్ల మీదనుంచి తూర్పుకు జరిగింది. మామూలుగా అయితే ఆ వేళకు బల్లను మళ్లీ నీడలోకి తిప్పుకోవాలి. ఆయన చెయ్యి ఒకసారి బల్ల కొసమీదకు వెళ్లి, ఆగిపోయింది. ఇద్దరూ లేచారు. ఆవిడ గడియారం చంకలో పెట్టుకుంది. ట్యాంకు స్తంభాల మధ్యనుంచి, కంపల పక్కగా, మాట్లాడుకుంటూ దిగువ వీధికి నడిచి వెళ్లిపోయారు. ఎక్కువగా మాట్లాడుతున్నది ఆయనే.

బల్ల నాలుగు కాళ్లమీద నిలబడి ఉంది. దాని పక్కన, ముప్పై ఏళ్లకు పైగా ఒక పొట్టి కాలు ఒరిసీ ఒరిసీ చేసిన బొత్తామంత గుంటతో, ఆ తెల్లరాయి ఖాళీగా ఉంది.